పడమటి మండలాల్లో వెలుతురు వేట

ఏటా ఏప్రిల్ 24కి ఒక రోజు అటూ ఇటూగా కుప్పంలో నీడలు కనబడకుండా పోతాయి. పగలు పన్నెండుంబావు వేళ. నిట్టనిలువుగా పాతిన కరెంటు స్తంభానికి నీడ ఉండదు. బోర్లించిన గ్లాసుకు నీడ ఉండదు. బస్టాండులో నిలబడ్డ మనిషి నీడ అతని చెప్పుల చుట్టూనే ముడుచుకుని ఉంటుంది. రెండు రోజులు గడిచేసరికి పుంగనూరులో అదే వింత, ఆ వెంటే మదనపల్లెలో. ఉత్తరానికి జరుగుతూ పోయే సూర్యుడు ఈ మూడు ఊళ్ల నడినెత్తి మీదుగా వరసగా దాటిపోతాడు. ఆగస్టు మధ్యలో తిరిగొచ్చేటప్పుడు ముందు మదనపల్లె, తర్వాత పుంగనూరు, 18వ తేదీ ప్రాంతంలో కుప్పం. కర్కట రేఖకు పైనున్న ఢిల్లీకి ఈ భాగ్యం ఏడాదిలో ఏ రోజూ లేదు.

సరిగ్గా పన్నెండుకే ఎందుకు జరగదంటే, మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. కుప్పం దానికి నాలుగు డిగ్రీలు పడమర. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల ఆలస్యం. అందుకే ఇక్కడి అసలు మిట్టమధ్యాహ్నం గడియారంలో పన్నెండయ్యాక పావుగంటకు వస్తుంది.

ఆ పూట కెమెరా పట్టుకుని ఎక్కడికి పోవాలని ఎవరైనా అడిగితే, పాత బావి దగ్గరికి పొమ్మంటాను. తక్కిన రోజుల్లో గోడ సగం దాకా దిగి ఆగిపోయే ఎండ ఆ మధ్యాహ్నం అడుగును తాకుతుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే పండితుడు భూమి చుట్టుకొలతను లెక్కగట్టింది ఇలాంటి నీడ లేని మధ్యాహ్నాన్ని ఆధారం చేసుకునే. మామూలు రోజున బావి ఫొటో తీస్తే పైఅంచు తెల్లగా మాడిపోతుంది, లోపలంతా కాటుక. నీడ లేని వేళ వెలుతురు నిలువునా దిగడంతో అడుగున ఉన్న రాయీరప్పా కూడా ఫొటోలో పడతాయి. కెమెరా పట్టీ మెడలో ఉండాలి, నడుము పట్టుకునే మనిషి వెనక ఉండాలి. బోర్లు వచ్చాక పడమటి మండలాల్లో బావులు చాలామట్టుకు ఎండిపోయాయి. ఆ ఎండిన అడుగు మీద పడే గుండ్రటి ఎండలో ఖగోళమూ ఉంది, కరువూ ఉంది.

పడమటి మండలాలంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తిరుపతి వైపు వాళ్లు మా వైపు చూపించి అనే మాట. కనుమ ఎక్కి వస్తే మొదలయ్యే మిట్టనేల ఇది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 2,280 అడుగుల ఎత్తున ఉంది. సముద్రం దూరం, గాలిలో తేమ తక్కువ. వాన వెలిసిన మర్నాడు దుమ్మంతా కడుక్కుపోయి, ఎక్కడో ఉన్న గుట్ట మీది గుండ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. అయినా కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్లు బెంగళూరు నుంచి తిరుపతికో, హంపికో, ఊటీకో పోతూ ఈ ఊళ్లను నిద్రలో దాటేస్తారు. ‘అక్కడేముంది, బండలు తప్ప’ అంటారు. బండలే ఉన్నాయి. బండల మీద పడే వెలుతురుంది. దాన్ని పట్టడానికి లక్షల రూపాయల లెన్సు అక్కర్లేదని, ఏ పొద్దులో ఎక్కడ నిలబడాలో, ఎంత కిందికి వంగాలో తెలిస్తే చాలని నా వాదన. అక్కడక్కడా లెన్సు కూడా కావాలి, ఒప్పుకుంటాను.

మదనపల్లె టమోటా మార్కెట్‌తోనే మొదలుపెడదాం. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటి. కాపు బాగా ఉన్న రోజుల్లో తెల్లారకముందే క్రేట్లు వరసలు కడతాయి. ఎదురుగా ఎర్రటి సముద్రం ఉంటే ఫొటో దానంతటదే వస్తుందనిపిస్తుంది. రాదు. ఎరుపు డిజిటల్ కెమెరాకు చాలా పొగరుబోతు రంగు. సెన్సార్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా నమోదవుతాయి. వెలుతురు మొత్తం మీద సరిపోయినట్టే కనబడుతూనే ఎరుపు ఒక్కటీ నిండి పొర్లిపోతుంది. అప్పుడు పండు మీది మెరుపు, తొడిమ దగ్గరి గీతలు, నునుపు అన్నీ కలిసి ఒకే ఎర్రటి మరక అవుతాయి. ఫోన్లు ఆ ఎరుపును ఇంకాస్త పులిమి ఇస్తాయి. ఎక్స్‌పోజర్‌ను సగం స్టాపో, ఇంకొంచెమో తగ్గించి, వీలైతే రా ఫైలుగా తీస్తే పండు పండుగా మిగులుతుంది. ఇంకో కిటుకు, బల్బుల వెలుతురు ఉండగా, తూర్పున నీలం ఇంకా చావకముందు తీయడం. వేడి పసుపు వెలుతురుకూ చల్లటి నీలానికీ మధ్య ఆ ఇరవై నిమిషాల్లో క్రేట్లు మోసే మనిషి భుజం మీద రెండు రంగులూ ఉంటాయి. ధర పడిపోయిన రోజున మాత్రం మొహాల దగ్గరికి కెమెరా తీసుకుపోవద్దు. అడిగి తీసినా అది బాగుండదు.

అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే హార్స్‌లీ హిల్స్. ఏనుగు మల్లమ్మ కొండ అని అంతకుముందు పేరు. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ. డి. హార్స్‌లీ 19వ శతాబ్దంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక కొండకు ఆయన పేరు అంటుకుంది. నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు. సాయంత్రం గాలిబండ మీద జనం అస్తమించే పొద్దుకు వీపు తిప్పి సెల్ఫీలు తీసుకుంటూ ఉంటారు. కొండ అసలు రూపం చూడాలంటే నవంబరు నుంచి జనవరి దాకా, తెల్లవారుజామున రావాలి.

వానలు పోయి, చెరువులు నిండి, ఆకాశం తేటపడి, గాలి కదలని రాత్రి ఒకటి పడాలి. నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలుల వెంట జారి పల్లంలో చేరుతుంది. చెరువుల తేమ ఆ చలికి పొగమంచవుతుంది. పైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి మంచు పైకి లేవలేదు, మూత పెట్టినట్టు కిందే ఉండిపోతుంది. కొండ అంచున నిలబడితే పల్లెలూ పొలాలూ ఏవీ ఉండవు. తెల్లటి మైదానంలోంచి గుట్టల తలలు మాత్రం బయటికి వస్తాయి. పొద్దు పొడిచిన అరగంటకు ఆ తెలుపు పల్చబడి, ఒకచోట తాటిచెట్ల మొవ్వలు, ఇంకోచోట గుడి గోపురం తేలతాయి.

కెమెరా మాత్రం ఇక్కడ మోసపోతుంది. చూసిందంతా సగటున బూడిద రంగని లెక్కవేసుకోవడం దాని పుట్టుగుణం. తెల్లటి మంచును చూపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేసి మురికి బూడిద రంగు ఇస్తుంది. ఒక స్టాపు పెంచితే మంచు తెల్లబడుతుంది. అందరూ వెడల్పు లెన్సు పెడతారు. నేనైతే 200 మిల్లీమీటర్లకు తక్కువ కాని లెన్సు పెట్టమంటాను. దూరాన ఉన్న నాలుగైదు గుట్టల వరసలు దగ్గరికి జరిగి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, వెనక్కు పోయేకొద్దీ పల్చటి నీలంగా మారతాయి. గాలిబండ పేరుకు తగ్గట్టే ట్రైపాడ్‌ను వణికిస్తుంది. దాని నడిమి కొక్కేనికి బ్యాగు వేలాడదీసి, కాళ్లు పొట్టిగా పెట్టి తీయాలి. ట్రైపాడ్ కొనేటప్పుడు తేలిగ్గా ఉందని మురిసిపోకండి. గాలి ఉన్న ఊరికి బరువున్నదే మేలు.

కొండ దిగి తెట్టు వైపు పోతే రిషి వ్యాలీ. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయంతో వచ్చిన బడి అక్కడుంది. ఒకప్పటి బీడులో దశాబ్దాలుగా చెట్లు పెంచారు. 1991లో లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పక్షుల కోసం పోయేవాళ్లంతా అక్కడ మొదట అడిగేది ఒక చిన్న పిట్టను, పసుపు గొంతు పికిలిని. తలా గొంతూ నిమ్మపండు పసుపు, పొట్ట బూడిద తెలుపు, తోక చివర మళ్లీ పసుపు. దక్షిణ భారతంలోని రాతిగుట్టలు, వాటి మీది ముళ్లపొదలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానికి ఇల్లు లేదు. గుట్టను పగలగొడితే దాని ఇల్లు పోయినట్టే. ప్రమాదపుటంచున ఉన్న పక్షుల పట్టికలో దాని పేరుంది.

ఈ పికిలిని 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన టి. సి. జెర్డన్ నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడు. కడప అడవుల కలివికోడిని లోకానికి చెప్పిందీ ఆయనే. ఆ కలివికోడి ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడకుండా పోయి, పూర్తిగా అంతరించిందని అందరూ అనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. కెమెరాకు పని పడింది ఆ తర్వాత. రాత్రిపూట తిరిగే పిట్ట, మనిషి అలికిడి వింటే పొదల్లో కలిసిపోతుంది. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, దారిలో వాటంతటవే క్లిక్కుమనే కెమెరాలు అమర్చారు. ఎదురుగా ఏదైనా కదిలితే అదే బొమ్మ తీసుకునే పెట్టె అది. వెనక ఫొటోగ్రాఫర్ లేడు, కూర్పు లేదు, మసక వెలుతురు. అయినా ఒక పక్షి బతికి ఎక్కడెక్కడ ఉందో తేల్చడంలో ఆ బొమ్మలు చేసిన సాయం ముందు మన క్యాలెండరు ఫొటోలు దిగదుడుపే.

పికిలికి మాత్రం పగలే వెలుతురు, లెన్సే దిక్కు. 300, 400 మిల్లీమీటర్లు లేకుండా పిట్ట ఫొటోలో పిట్ట కనబడదు, అది మచ్చే. ఇక్కడ నా వాదనకు చిల్లు పడిందని చదువరులు నవ్వుకోవచ్చు. కానీ పాతబడ్డ టెలిఫొటో లెన్సులు బెంగళూరులో సగం ధరకు దొరుకుతాయి. షట్టరు సెకనులో వెయ్యోవంతుకు తగ్గకూడదు, ఫోకస్ కంటి మీదే ఉండాలి. దాని వెంట పరిగెత్తొద్దు. మర్రో జువ్వో పండిన చెట్టు వెతికి, పొద్దును వీపు వెనక పెట్టుకుని, రాతికి చేరగిలబడి కూర్చుంటే అదే వస్తుంది. అరిగిన బూడిద రంగు గుండు మీద ఆ పసుపు వచ్చి వాలిన క్షణం, రాయి ఎంత పెద్దదో పిట్ట ఎంత చిన్నదో రెండూ చూపించేంత చోటు ఫ్రేములో వదలండి. తల నుంచి తోక దాకా నింపేస్తే అది ఏ తోటలో పిట్టైనా కావచ్చు, రాయి ఉంటేనే అది మన పికిలి. ఫోన్లో దాని కూత మోగించి రప్పించేవాళ్లున్నారు. ఇంకో మగపిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుందది. అలా తీసిన ఫొటో ఎంత బాగున్నా మెచ్చుకోకండి. లోయ బడి ఆవరణ కాబట్టి ముందుగా అడిగి పోవాలి, అదీ గుర్తుంచుకోండి.

మదనపల్లె నుంచి కదిరి వైపు పోతే ఫొటోగ్రాఫర్లకు గుణపాఠం చెప్పే చెట్టు ఒకటుంది. తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు 4.7 ఎకరాల మేర పరుచుకున్న ఒకే చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాన్ని లోకం దృష్టికి తెచ్చినవాడు రిగ్రెట్ అయ్యర్ అనే కర్ణాటక విలేఖరి, ఫొటోగ్రాఫర్. అసలు పేరు సత్యనారాయణ అయ్యర్. పత్రికల నుంచి వచ్చిన తిరస్కరణ ఉత్తరాలను దాచిపెట్టుకుని, ఆ ఉత్తరాల్లోని మాటనే పేరుగా పెట్టుకున్న మహానుభావుడు. ఆ చెట్టు కింద నిలబడితే చెట్టు కనబడదు, తోపు కనబడుతుంది. ఎంత వెడల్పు లెన్సయినా ఓడిపోతుంది. అలాంటప్పుడు ఒక్క ఊడను పట్టుకుని, దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీయడం తెలివైన పని.

ఇక పుంగనూరు. ఊరిపేరు చెబితే దేశమంతా ఇప్పుడు ఆవునే తలుచుకుంటుంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు గడ్డి పెడుతున్న ఫొటోలు వచ్చాక అయితే మరీను. ఫొటో ఒకటి ఒక జాతిని ఇంటింటి మాట చేయగలదని అప్పుడు తెలిసింది. ఆ వెంటే ఏది పడితే అది పుంగనూరు దూడ అని అమ్మే బేరగాళ్లూ తయారయ్యారు. ఎదిగిన ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల లోపే. వెడల్పు నొసలు, పొట్టి కొమ్ములు, నేలను తాకేంత తోక. తెలుపు, బూడిద, లేత గోధుమ రంగులు. పాలు కొంచెమే ఇస్తుంది. వాటిలో వెన్న మాత్రం ఎనిమిది శాతం దాకా. మామూలు ఆవుపాలలో అది మూడు, నాలుగు. మెట్టపొలాల్లో దొరికే కాస్త ఎండుగడ్డితో బతకగలగడం దాని గొప్ప. సంకర జాతులొచ్చాక కొట్టాల నుంచి మాయమవుతూ వచ్చిన ఈ ఆవును పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వచ్చారు.

నిలబడి తీస్తే పుంగనూరు ఆవు ఫొటోలో దూడ అయిపోతుంది. మనిషి కంటి ఎత్తు నుంచి వీపూ మూపురమే పడతాయి. మోకాళ్ల మీద కూర్చుని లెన్సును దాని కంటికి సమానంగా పెట్టాలి. ఒక పల్లెలో అలా కూర్చుని ఉంటే ఇంటి అవ్వ బయటికొచ్చి, “ఏం నాయనా, అట్ల మోకాళ్ల మింద కూర్చుండావు, ఏమన్నా పోగొట్టుకుంటివా?” అంది.

“లేదవ్వా, మీ ఆవును ఫొటో తీసేదానికి.”

“దాని ఎత్తుకు దిగితివా! పాలు పిండేదానికి మేము దినమూ దిగేదే కదా” అని నవ్వి, తప్పాలచెంబు పట్టుకుని అలాగే గొంతుక్కూర్చుంది.

నేను వెతుకుతున్న ఫొటో అదే. అవ్వ తలా ఆవు తలా ఒకే ఎత్తున ఉన్నాయి. ఆవు చిన్నదని చెప్పడానికి ఏ కొలబద్దా అక్కర్లేదు, పక్కన పాలు పిండే మనిషి చాలు. రెండు రకాల ఫొటోలూ తీసి పెట్టుకోండి. ఎంత చిన్నదో చూపాలంటే మనిషో గుమ్మమో పక్కనుండాలి. ఎంత ఠీవి గలదో చూపాలంటే ఒంటరిగా, నేలబారు నుంచి, ఆకాశం వెనక పెట్టి. తెల్లావు కదా, ఎండలో దాని వీపు తెల్లగా మాడుతుంది. వేపచెట్టు నీడలో నిలబెట్టి, నేల మీద పడ్డ ఎండ తిరిగి దాని పొట్టకు కాంతి ఇచ్చేలా చూసుకుంటే వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడతాయి. మంచుకు చెప్పిన లెక్కే దీనికీ. తెల్లటి ఒళ్లు ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద చేస్తుంది, కాస్త పెంచుకోవాలి.

పుంగనూరు నుంచి దక్షిణానికి పలమనేరు, వి.కోట దాటుతూ కుప్పం వైపు దిగేకొద్దీ బండలు ఎక్కువవుతాయి. దక్కను పునాదిలోని ఈ రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లకు అటు. గుండ్రంగా ఉన్నాయి కదా, ఏటి నీళ్లు దొర్లించాయనుకుంటారు చాలామంది. భూమి లోపల ఉండగానే బండకు నిలువూ అడ్డం పగుళ్లు పడతాయి. వాననీరు వాటిలోకి ఇంకి రాతిని మెత్తబరుస్తుంది. మూలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి మూల ముందు అరుగుతుంది. ఉల్లిపొరల్లా పొరలు రాలి, పైమట్టి కొట్టుకుపోయాక గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి బయటపడతాయి. వీటిని మధ్యాహ్నం తీస్తే రాయి చదును కాగితం. ఉదయం ఏడింటి లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత ఎండ పక్క నుంచి రాసుకుంటూ పోతున్నప్పుడు తీస్తే ప్రతి గరుకూ తన నీడ తాను వేసుకుంటుంది. నలుపు తెలుపులో ఇంకా బాగుంటాయి. కుప్పం గ్రానైటుకు దేశం బయట కూడా గిరాకీ. అందుకే ఈరోజు ఫొటో తీసిన గుట్ట పదేళ్లకు ఏ ఊరి వంటగది అరుగుగానో మారి ఉండొచ్చు. నచ్చిన గుట్టను ఏడాదికొకసారి అదే చోట నిలబడి, అదే లెన్సుతో తీసి, తేదీ వేసి దాచండి. కళాఖండం కాకపోయినా సాక్ష్యం అవుతుంది.

పలమనేరు, కుప్పం దారిలో కైగల్ జలపాతం ఉంది. దుముకురాళ్లు అని కూడా పిలుస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీళ్లు బాగుంటాయి. పాల నురగ లాంటి జలపాతం ఫొటోలు అరసెకను, సెకను షట్టరుతో వస్తాయి, అది అందరికీ తెలిసిందే. నాకు ఆ నురగ మీద మోజు తగ్గింది. నాలుగోవంతు సెకను పెడితే నీటికి మెత్తదనమూ వస్తుంది, బలమూ పోదు. పోలరైజర్ ఫిల్టరు మాత్రం తప్పనిసరి. తడిరాతి మీది మెరుపును అది తుడిచేస్తే రాతి అసలు రంగు, నాచు పచ్చ బయటికొస్తాయి. పాచిపట్టిన బండ మీద అడుగు వేసే ముందు ఫోను జేబులో పెట్టండి. అక్కడ ప్రాణాలు పోయాయి.

రాత్రి సంగతి చెప్పకపోతే కుప్పానికి అన్యాయం. ఏప్రిల్, మే నెలల్లో చంద్రుడు లేని రాత్రి తొమ్మిదికీ పదకొండుకూ మధ్య దక్షిణానికి తిరిగి, చెయ్యి చాచి పిడికిలి బిగించి దిగంతం మీద పెట్టండి. పిడికిలి పది డిగ్రీలు. రెండు పిడికిళ్ల లోపు ఎత్తున నాలుగు చుక్కల త్రిశంకు నిలబడి ఉంటుంది. ఢిల్లీ వాళ్లకు అది దిగంతాన్ని అంటుకునే ఉంటుంది. లండన్ వాళ్లకు ఎప్పటికీ లేదు. వేసవిలో అర్ధరాత్రి దాటాక పాలపుంత నడిబొడ్డు 48 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది.

ఈ ఆకాశం విలువ తెలిసినవాడు ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బప్పు. ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు. ఆకాశాన్ని ఫొటోలుగా తీసి పటం వేసే అంతర్జాతీయ పనిలో ఆ వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను నమోదు చేసింది. కొడుకు నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్లిన కొత్తలోనే 1949లో ఒక ఫొటో ప్లేటు మీద ఎవరూ చూడని తోకచుక్కను గుర్తించాడు. దానికి బప్పు, బాక్, న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. తిరిగొచ్చాక దక్షిణాకాశం బాగా అందే చీకటి కొండల కోసం వెతికి ఆయన ఎంచుకున్న చోటు తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు. కుప్పానికి నేరుగా కొలిస్తే అరవై కిలోమీటర్ల లోపే. 1977లో యురేనస్ చుట్టూ వలయాలున్నాయని పసిగట్టిన చోట్లలో అదొకటి. 1986లో అక్కడ నెలకొల్పిన 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. అంటే మన కుప్పం మిద్దె మీది ఆకాశం ప్రపంచస్థాయి శాస్త్రజ్ఞుడు ఏరికోరి పట్టుకున్న ఆకాశమే.

మిద్దె మీది నుంచి దాన్ని తీయడానికి ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ ఉంటే చాలు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే ఎన్ని సెకన్లు ఉంచొచ్చో వస్తుంది. 24 మిల్లీమీటర్లకు 20 సెకన్లు. చిన్న సెన్సార్ ఉన్న కెమెరా అయితే 13. ఆటో ఫోకస్ చీకట్లో గుడ్డిది. ప్రకాశమైన చుక్కను తెర మీద పెద్దది చేసుకుని చేత్తో తిప్పి బిందువయ్యేదాకా కుదించాలి. పడమటి వైపు బెంగళూరు వెలుగు మసకగా లేస్తూ ఏటికేడాది ఎత్తు పెరుగుతోంది కాబట్టి తూర్పు, దక్షిణాలే నమ్మండి.

చీకట్లో ఊరి బయటికి పోయేవాళ్లకు ఇంకో మాట. 1980ల మొదట్లో హోసూరు, ఆనేకల్ అడవుల నుంచి ఏనుగులు ఇటు దారి పట్టాయి. రెండు వందల ఏళ్లుగా వాటి జాడే లేని నేల ఇది. 1990లో 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అరటితోటలూ చెరకూ పోగొట్టుకున్న రైతులున్నారు, ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి, కరెంటు తీగలకు చచ్చిన ఏనుగులున్నాయి. ఊళ్ల మీదికొచ్చే గుంపులను మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలనే శిక్షణ పొందిన ఏనుగులను తెచ్చారు. ఇలాంటి చోట ఏనుగు ఫొటో మీద ఆశ పెట్టుకోవడం తప్పు. దాని అడుగు మీద పెట్టుకోండి. వాన పడ్డ మర్నాడు పొలంగట్టు బురదలో పడ్డ జాడ మీద ఉదయపు ఎండ ఏటవాలుగా పడితే అరికాలి పగుళ్లన్నీ కనబడతాయి. ముందు కాలి జాడ చుట్టుకొలత కొలిచి రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు దాదాపుగా తేలుతుంది. టేపు పక్కన పెట్టి నిలువుగా పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తే ఆ ఫొటో అటవీ శాఖకూ పనికొస్తుంది. అంతకంటే ముందు జాడ తాజాదా పాతదా చూడండి. తాజాదైతే అక్కడ ఉండకండి.

ఇదే అడవుల్లో చెట్టుకొమ్మ పట్టుకుని పెద్ద కళ్లతో చూసే దేవాంగపిల్లి కూడా ఉంది. చీకటికి అలవాటు పడ్డ ఆ కళ్లలోకి ఫ్లాష్ కొట్టకండి. పికిలి గూడు ఎక్కడుందో, ఏనుగుల గుంపు ఎక్కడ ఆగిందో ఫొటోతో పాటు చోటు పేరు పెట్టి గ్రూపుల్లో పంపకండి. గుంపు ఎదురైతే బండి వెనక్కి తిప్పి అటవీ సిబ్బందికీ పక్క ఊరివాళ్లకూ చెప్పండి. ఫోను ఆ పని కోసం బయటికి తీస్తే చాలు.